వాల్ట్ డిస్నీ: 32 ఏళ్ల నాటి టికెట్ తెచ్చినా లోపలికి పంపారు.. ఆ పార్క్ కట్టిన మనిషి కథ ఇదీ!

సినిమా టికెట్ మీద షో టైమ్ దాటిపోతే ఇక అది చిత్తు కాగితమే. రైలు టికెట్టూ అంతే. కానీ 2017లో అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. కెనడాకు చెందిన ఓ మహిళ 1985లో తనకు బహుమతిగా వచ్చిన టికెట్ పట్టుకుని కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ గేటు దగ్గరకు వెళ్లారు. అంటే 32 ఏళ్ల క్రితం నాటి టికెట్ అన్నమాట. కౌంటర్‌లో ఉన్నవాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సరైనదేనని తేల్చుకుని లోపలికి పంపించారు. అప్పట్లో ఈ వార్త తెగ వైరల్ అయింది.

టికెట్ అమ్మామంటే మాట ఇచ్చినట్టే అనే ఈ పద్ధతి వెనక ఓ మనిషి ఉన్నారు. ఆయనే వాల్ట్ డిస్నీ. డిసెంబర్ నెల వచ్చిందంటే ఆయన పేరు మళ్లీ వినిపిస్తుంది. పుట్టింది డిసెంబర్ 5న, కన్నుమూసిందీ డిసెంబర్‌లోనే, 15న. మిక్కీ మౌస్ బొమ్మ చూడని పిల్లలు మన దగ్గర కూడా ఉండరు. కానీ ఆ బొమ్మ వెనక ఉన్న మనిషి ఎన్నిసార్లు దివాలా అంచుకు వెళ్లొచ్చారో చాలామందికి తెలియదు.

తెల్లవారుజామున పేపర్లు వేసిన కుర్రాడు

వాల్ట్ 1901లో షికాగోలో పుట్టారు. తండ్రి ఎలియాస్ డిస్నీ, తల్లి ఫ్లోరా. తండ్రిది నిలకడలేని జీవితం. వడ్రంగం చేశారు, వ్యవసాయం చేశారు, ఏదీ కలిసి రాలేదు. 1906లో కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలిన్ అనే చిన్న ఊరికి వెళ్లింది. అక్కడ పొలం, ఆవులు, పందులు, దగ్గర్లో రైలు పట్టాలు. వాల్ట్ అక్కడ ఉన్నది నాలుగైదేళ్లే. అయినా ఆ ఊరు ఆయన మనసులోంచి పోలేదు. తర్వాతి రోజుల్లో డిస్నీల్యాండ్ గేటు దాటగానే కనిపించే మెయిన్ స్ట్రీట్‌కి ఈ ఊరి వీధే స్ఫూర్తి.

పొలం అమ్ముకుని 1911లో కాన్సాస్ సిటీకి చేరారు. తండ్రి పేపర్ ఏజెన్సీ తీసుకున్నారు. వాల్ట్‌కి అప్పుడు పదేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. తెల్లవారుజామున మూడున్నరకే లేచి, మోకాలి లోతు మంచులో ఇంటింటికీ పేపర్లు వేసేవాడు. బడి అయ్యాక సాయంత్రం మళ్లీ అదే పని. దీనికి తండ్రి ఒక్క పైసా ఇచ్చేవారు కాదు. తిండి, బట్ట పెడుతున్నాను కదా అన్నది ఆయన లెక్క. ఆ రోజుల్లో వాల్ట్‌కి తోడుగా ఉన్నది అన్న రాయ్. ఎనిమిదేళ్లు పెద్ద. ఈ రాయ్‌ని గుర్తుపెట్టుకోండి. వాల్ట్ కథలో సగం ఆయనదే.

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో వయసు తక్కువ చూపిస్తే తీసుకోరని పుట్టిన సంవత్సరం మార్చి రెడ్‌క్రాస్‌లో చేరారు. ఫ్రాన్స్ చేరేసరికి యుద్ధం అయిపోయింది. అంబులెన్స్ నడిపారు, దాని మీద బొమ్మలు గీశారు. తిరిగొచ్చి కాన్సాస్ సిటీలో లాఫ్-ఓ-గ్రామ్ అనే చిన్న కార్టూన్ కంపెనీ పెట్టారు. 1923లో అది దివాలా తీసింది. చేతిలో 40 డాలర్లు, ఒక అట్ట సూట్‌కేస్‌తో హాలీవుడ్ రైలెక్కారు.

అక్కడే అన్న రాయ్ క్షయతో ఆస్పత్రిలో ఉన్నారు. ఓ రాత్రి వాల్ట్ ఆ వార్డుకే వెళ్లి, ఒక కార్టూన్ సిరీస్‌కి ఆర్డర్ వచ్చిందని, సాయం కావాలని అడిగారు. మర్నాడు రాయ్ ఆస్పత్రి నుంచి బయటికొచ్చేశారు. మళ్లీ ఆ ఆస్పత్రి ముఖం చూడలేదు. బాబాయి దగ్గర 500 డాలర్లు అప్పు. 1923 అక్టోబర్ 16న డిస్నీ బ్రదర్స్ స్టూడియో మొదలైంది. ఇవాళ ప్రపంచమంతా పాకిన డిస్నీ కంపెనీ పుట్టినరోజు అదే.

కుందేలు పోయింది.. ఎలుక వచ్చింది

1927లో ఓస్వాల్డ్ అనే కుందేలు బొమ్మతో వాల్ట్‌కి మంచి పేరొచ్చింది. ఇంకాస్త ఎక్కువ డబ్బు అడుగుదామని 1928 మొదట్లో భార్య లిలియన్‌ని తీసుకుని న్యూయార్క్ వెళ్లారు. అక్కడ పంపిణీదారు చార్లెస్ మింట్జ్ షాక్ ఇచ్చాడు. ఓస్వాల్డ్ మీద హక్కులు వాల్ట్‌వి కావు, యూనివర్సల్‌వి. పైగా వాల్ట్ దగ్గర పనిచేసే బొమ్మల వాళ్లలో చాలామందిని మింట్జ్ అప్పటికే తన వైపు తిప్పేసుకున్నాడు. కాగితం మీద ఏం రాసుందో చూసుకోకపోతే ఏమవుతుందో వాల్ట్‌కి ఆ రోజు బాగా తెలిసొచ్చింది. ఆ తర్వాత ఏ పాత్ర హక్కునీ ఆయన ఎవరికీ వదల్లేదు.

ఇక్కడో పిట్టకథ చెప్పుకోవాలి. ఆ కుందేలు మళ్లీ డిస్నీ ఇంటికి చేరడానికి 78 ఏళ్లు పట్టింది. 2006లో ఆల్ మైకేల్స్ అనే ప్రముఖ స్పోర్ట్స్ కామెంటేటర్ డిస్నీ వాళ్ల ఛానల్ వదిలి ఎన్‌బీసీకి వెళ్లాలనుకున్నారు. సరే, ఆయన్ని మీరు తీసుకోండి, మా కుందేల్ని మాకిచ్చేయండి అన్నట్టుగా సాగింది బేరం. మనిషిని ఇచ్చి కార్టూన్‌ని తెచ్చుకున్న ఒప్పందం అది!

ఓస్వాల్డ్ పోయాక మిత్రుడు అబ్ ఐవర్క్స్‌తో కలిసి తయారుచేసిందే మిక్కీ మౌస్. 1928 నవంబర్ 18న స్టీమ్‌బోట్ విల్లీ విడుదలైంది. బొమ్మకీ శబ్దానికీ అంత చక్కగా కుదిరిన కార్టూన్ జనం అంతకుముందు చూడలేదు. మిక్కీకి చాలా ఏళ్లు గొంతు ఇచ్చింది కూడా వాల్టే. ఆ తర్వాత రంగుల కార్టూన్లు. 1937 డిసెంబర్ 21న పూర్తి నిడివి కార్టూన్ సినిమా స్నో వైట్. దాదాపు 15 లక్షల డాలర్లు ఖర్చయిన ఆ సినిమాని విడుదలకు ముందు హాలీవుడ్‌లో అందరూ పిచ్చిపని అన్నారు. బ్యాంకు చుట్టూ తిరిగి అప్పు తెచ్చింది మళ్లీ రాయే. సినిమా సూపర్ హిట్. ఆస్కార్ వాళ్లు ఒక పెద్ద బొమ్మ, పక్కన ఏడు చిన్న బొమ్మలు కలిపి ప్రత్యేక అవార్డు ఇచ్చారు.

ఆ డబ్బుతో అన్నదమ్ములిద్దరూ తల్లిదండ్రులకి ఇల్లు కొనిచ్చారు. 1938 నవంబర్‌లో ఆ ఇంట్లో హీటర్ నుంచి లీకైన విషవాయువుతో తల్లి ఫ్లోరా చనిపోయారు. ఈ విషయం గురించి వాల్ట్ జీవితాంతం ఎవరి దగ్గరా నోరు విప్పలేదని దగ్గరివాళ్లు చెబుతారు.

అన్నీ మంచి మాటలే చెబితే అది జీవితకథ కాదు. 1941లో డిస్నీ స్టూడియోలో ఉద్యోగులు సమ్మె చేశారు. జీతాల్లో తేడాలు, యూనియన్ గుర్తింపు వాళ్ల డిమాండ్లు. తనను నమ్మకద్రోహం చేశారన్నట్టుగా తీసుకున్నారు వాల్ట్. 1947లో అమెరికా పార్లమెంట్ కమిటీ ముందు హాజరై, సమ్మె వెనక కమ్యూనిస్టులున్నారంటూ కొందరి పేర్లు కూడా చెప్పారు. అప్పట్లో అలా పేరు బయటికొస్తే ఉద్యోగం దొరకడమే గగనమయ్యేది. పిల్లల్ని నవ్వించిన మనిషి జీవితంలో ఇది మరకే. దాచినా దాగదు.

బెంచీ మీద కూర్చున్న నాన్నకు వచ్చిన ఆలోచన

వాల్ట్‌కి ఇద్దరు కూతుళ్లు. డయాన్, షారన్. శని, ఆదివారాల్లో వాళ్లని లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్క్‌కి తీసుకెళ్లేవారు. పిల్లలు గుర్రాల రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, తను బెంచీ మీద కూర్చుని వేరుశనగలు తింటూ చూసేవారు. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి ఆడుకునే చోటు ఒక్కటీ లేదేంటి అన్న ఆలోచన అక్కడే పుట్టింది. అప్పటి ఎగ్జిబిషన్లు, జాతరలంటే చెత్త, తాగుబోతులు, మోసం చేసే ఆటలు. పార్క్ పెడతానంటే భార్య లిలియన్ కూడా వద్దన్నారట.

రాయ్ కూడా ఒప్పుకోలేదు. స్టూడియో డబ్బు ముట్టుకోవద్దన్నారు. దాంతో వాల్ట్ సొంతంగా వేరే కంపెనీ పెట్టుకున్నారు. జీవిత బీమా పాలసీ మీద అప్పు తీసుకున్నారు. పామ్ స్ప్రింగ్స్‌లో ఉన్న విడిది ఇల్లు అమ్మేశారు. అప్పటికి ఆయన వయసు 50 దాటింది. ఆస్కార్లున్నాయి, పేరుంది, హాయిగా కూర్చోవచ్చు. కానీ ఇంటి మీదికి తెచ్చుకునే పని మొదలుపెట్టారు.

చివరికి రాయ్ మెత్తబడ్డారు. న్యూయార్క్ వెళ్లి పెట్టుబడి అడగాలంటే చూపించడానికి ఏదైనా ఉండాలి కదా. 1953 సెప్టెంబర్‌లో ఓ శనివారం వాల్ట్, చిత్రకారుడు హెర్బ్ రైమన్‌ని పిలిపించి, రెండ్రోజులు పక్కనే కూర్చుని తన తలలో ఉన్న పార్క్‌ని గీయించారు. సోమవారం ఆ బొమ్మ రాయ్ చేతికొచ్చింది. డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది ఒక టీవీ కంపెనీ! అప్పట్లో అమెరికా ఛానళ్లలో బాగా వెనకబడి ఉన్న ఏబీసీ. వాల్ట్ వారం వారం టీవీ షో చేసిపెట్టాలి, బదులుగా ఏబీసీ 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి, 45 లక్షల డాలర్ల అప్పుకి హామీ ఉండాలి. ఇదీ ఒప్పందం. సినిమా వాళ్లంతా టీవీని శత్రువులా చూస్తున్న రోజులవి. వాల్ట్ మాత్రం ఇంటింటి డ్రాయింగ్ రూమ్‌లోకి వెళ్లి తన పార్క్‌కి తనే ప్రచారం చేసుకున్నారు. కాలం ఎలా తిరిగిందంటే.. 1996లో అదే ఏబీసీని డిస్నీ కంపెనీ కొనేసింది.

నకిలీ టికెట్లతో మొదటి రోజే గందరగోళం

అనహైమ్ అనే ఊళ్లో 160 ఎకరాల నారింజ తోటలు కొన్నారు. 1954 జూలైలో పని మొదలైంది. ఏడాదిలో పార్క్ తయారు. ఖర్చు 1 కోటి 70 లక్షల డాలర్లు. 1955 జూలై 17, ఆదివారం. ఆహ్వానం ఉన్నవాళ్లకే ఆ రోజు ప్రవేశం. కానీ ఆహ్వాన టికెట్లకు నకిలీలు అచ్చువేసి అమ్మేశారు. అనుకున్నదానికి రెట్టింపు జనం, దాదాపు 28 వేల మంది లోపలికొచ్చేశారు. కంచెకి నిచ్చెన వేసి మనిషికి 5 డాలర్లు వసూలు చేసినవాడు కూడా ఉన్నాడని చెబుతారు.

మండిపోయే ఎండ. ఆ తెల్లవారుజామునే వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ల హైహీల్స్ అందులో దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలో, మరుగుదొడ్లో ఏదో ఒకటే పూర్తయ్యే పరిస్థితి. వాల్ట్ మరుగుదొడ్లనే ఎంచుకున్నారు. కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే నీళ్లు ఆపారని జనం తిట్టుకున్నారు. ఓ చోట గ్యాస్ లీకైతే కొంత భాగం మూసేశారు. ఇదంతా టీవీలో లైవ్! యాంకర్లలో ఒకరు రోనాల్డ్ రీగన్. అవును, తర్వాత అమెరికా అధ్యక్షుడైన రీగనే. మర్నాడు పత్రికలు ఏకిపారేశాయి. ఆ రోజుని డిస్నీ ఉద్యోగులు బ్లాక్ సండే అని పిలుచుకునేవారు.

జూలై 18 నుంచి మామూలు జనానికి గేట్లు తెరిచారు. పెద్దవాళ్లకి టికెట్ ఒక డాలర్, పిల్లలకి అర డాలర్. అమ్మిన మొట్టమొదటి టికెట్, నంబర్ 1, కొన్నది ఎవరో తెలుసా? పార్కే వద్దన్న అన్న రాయ్. సొంత తమ్ముడి పార్క్‌కి జేబులోంచి ఒక డాలర్ తీసి కట్టారు. ఏడు వారాల్లోనే పదిలక్షల మంది వచ్చారు. అప్పులు, పరువు రెండూ గట్టెక్కాయి.

అసలు టికెట్ కథ ఇక్కడే మొదలు

మొదట్లో మన నాంపల్లి నుమాయిష్ లాంటి పద్ధతే అక్కడా ఉండేది. గేటు దగ్గర ఒక టికెట్, లోపల జెయింట్ వీల్‌కి ఒకటి, రంగులరాట్నానికి ఒకటి. ప్రతి రైడ్ ముందూ ఓ బుక్కింగ్ గూడు, దాని ముందు చిల్లర వెతుక్కునే జనం. ఇది చూసి మూడు నెలలు తిరక్కుండానే, 1955 అక్టోబర్ 11న టికెట్ పుస్తకం తెచ్చారు. రెండున్నర డాలర్లిస్తే ప్రవేశంతో పాటు ఎనిమిది రైడ్ల కూపన్లు. ఏ, బీ, సీ అని మూడు తరగతులు. చిన్నా చితకా వాటికి ఏ, కాస్త పెద్దవాటికి సీ. 1956లో డీ వచ్చింది. 1959లో మ్యాటర్‌హార్న్ కొండ, మోనోరైల్, జలాంతర్గామి ఒకేసారి తెరిచినప్పుడు ఈ వచ్చింది.

ఇందులో ఓ కిటుకు ఉంది. పుస్తకంలో అన్ని తరగతుల కూపన్లూ ఉంటాయి కాబట్టి, జనమంతా ఒకేచోట ఎగబడకుండా చిన్న రైడ్ల వైపు కూడా వెళ్లేవారు. క్యూలు సర్దుకునేవి. కానీ పిల్లలు పిల్లలే కదా! ఈ కూపన్లు మధ్యాహ్నానికే ఖతం. ఏ, బీ కూపన్లు మిగిలిపోయేవి. వాటి మీద గడువు తేదీ ఉండేది కాదు. మళ్లీ వచ్చినప్పుడు వాడుకుందామని జనం ఇంటికి పట్టుకెళ్లి సొరుగుల్లో, పుస్తకాల మధ్య దాచుకున్నారు. అమెరికాలో లక్షల ఇళ్లలో అలా మిగిలిపోయాయి. ఈ-టికెట్ అన్న మాట అక్కడి ఇంగ్లీషులో గొప్ప అనుభవానికి మారుపేరైపోయింది. 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ మహిళ శాలీ రైడ్ కూడా తన ప్రయాణాన్ని దాంతోనే పోల్చారు.

ఈ పార్క్ చూసినవాళ్లలో మన నెహ్రూ కూడా ఉన్నారు. 1961 నవంబర్‌లో అమెరికా పర్యటనకు వెళ్లినప్పుడు కూతురు ఇందిరా గాంధీతో కలిసి డిస్నీల్యాండ్‌కి వెళ్లారు. పక్కనుండి తిప్పి చూపించింది స్వయంగా వాల్టే. అంతకు రెండేళ్ల ముందు సోవియట్ నేత కృశ్చేవ్ ఆ పార్క్ చూస్తానంటే భద్రత కుదరదని ఆపేశారు. ఆయన బహిరంగంగానే అలిగారు.

వాల్ట్‌కి పార్క్ అంటే ఎంత పిచ్చంటే, మెయిన్ స్ట్రీట్‌లో ఫైర్ స్టేషన్ బొమ్మ ఇంటిపైన తనకో చిన్న గది కట్టించుకున్నారు. పొద్దున్నే గౌను వేసుకుని పార్క్‌లో తిరిగేవారు. క్యూలో జనంతో పాటు నిలబడి, ఎంతసేపు పడుతోందో లెక్కపెట్టుకునేవారు. ఆ గది కిటికీలో ఇప్పటికీ ఓ దీపం వెలుగుతూనే ఉంటుంది.

మంచులో దాచారా? అది పుకారే

1965 నవంబర్‌లో ఫ్లోరిడాలో అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద ప్రాజెక్ట్ ప్రకటించారు. ధరలు పెరగకూడదని డమ్మీ కంపెనీల పేర్లతో గుట్టుచప్పుడు కాకుండా 27 వేల ఎకరాలకు పైగా కొన్నారు. అనహైమ్‌లో పార్క్ చుట్టూ హోటళ్లు కట్టుకుని లాభాలు పోగేసుకున్నది బయటివాళ్లు. ఆ పొరపాటు మళ్లీ జరగకూడదన్నది ఆయన పట్టుదల. కానీ ఆ నేల మీద ఒక్క గోడ లేవడం కూడా ఆయన చూడలేదు. ఏళ్ల తరబడి కాల్చిన సిగరెట్లు ఊపిరితిత్తుల్ని తినేశాయి. 1966 నవంబర్‌లో ఆపరేషన్ చేసి ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. డిసెంబర్ 15న, 65 ఏళ్లు నిండిన పది రోజులకే, స్టూడియో ఎదురుగా ఉన్న ఆస్పత్రిలో చనిపోయారు. ఆయన శరీరాన్ని మంచులో గడ్డకట్టించి దాచారని మన సోషల్ మీడియాలో కూడా తిరుగుతూ ఉంటుంది. అది ఉత్త పుకారు. రెండ్రోజులకే దహనం చేశారు. ఆయన పేరిట మొత్తం 26 ఆస్కార్లున్నాయి.

అప్పటికి రాయ్ వయసు 73. రిటైర్ అవ్వాల్సిన మనిషి ఆగిపోయారు. అప్పు చేయకుండా ఫ్లోరిడా పార్క్ కట్టించి, 1971 అక్టోబర్ 1న తెరిచారు. దాని పేరు డిస్నీ వరల్డ్ కాదు, వాల్ట్ డిస్నీ వరల్డ్ అని ఉండాలని పట్టుబట్టింది ఆయనే. తమ్ముడి పేరు మొత్తం ఉండాలన్నారు. పార్క్ తెరిచిన మూడు నెలల్లోపే, డిసెంబర్ 20న, ఆయనా వెళ్లిపోయారు.

మరి ఇప్పుడు పాత టికెట్ దొరికితే?

1982లో కూపన్ల పుస్తకాలు ఆపేసి, ఒకసారి కడితే రోజంతా ఎన్ని రైడ్లైనా ఎక్కే పాస్‌పోర్ట్ పద్ధతి తెచ్చారు. కూపన్ల గోల పోయింది, కానీ పేరున్న రైడ్ల ముందు క్యూలు కొండవీటి చాంతాళ్లయ్యాయి. ఇప్పుడు ఆ క్యూ తప్పించుకోవడానికి మళ్లీ వేరే డబ్బు కట్టాలి. ఏ, బీ, సీ, డీల పద్ధతే నయమనిపిస్తుంది ఒక్కోసారి. 1955లో డాలర్ ఉన్న ప్రవేశం ఇప్పుడు ఒక రోజుకి 100 డాలర్లకు పైమాటే. కాలిఫోర్నియాలో ఉండే కొడుకో కూతురో టికెట్లు కొని, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే నలుగురికి కలిపి ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. అందుకే వాడని టికెట్ ఇంట్లో పడి ఉంటే పారేయకూడదు.

పద్ధతి ఇలా ఉంటుంది. అసలు వాడని టికెట్ గడువు తీరిపోయినా, అప్పట్లో దానికి కట్టిన డబ్బు మురిగిపోదు. ఆ మొత్తాన్ని కొత్త టికెట్ ధరలో తగ్గిస్తారు, తేడా మనం కట్టుకోవాలి. డబ్బు రూపంలో మాత్రం తిరిగివ్వరు. ఒక్కరోజు వాడినా ఆ టికెట్‌కి ఈ లెక్క వర్తించదు. బహుమతిగా వచ్చిన టికెట్ల సంగతి వాటి మీద రాసున్న షరతుల్ని బట్టి ఉంటుంది. గడువు లేదని రాసుంటే నేరుగా ప్రవేశమే దొరకొచ్చు. పాత కాగితం టికెట్లకి గేటు దగ్గర స్కానింగ్ కుదరదు కాబట్టి ముందు టికెట్ కౌంటర్‌కో, గెస్ట్ రిలేషన్స్ ఆఫీసుకో వెళ్లి మార్పించుకోవాలి. చింపకుండా, ల్యామినేషన్ చేయకుండా అసలు కాగితమే తీసుకెళ్లడం మంచిది. కొన్ని రోజులు వాడిన టికెట్‌లో మిగిలిన రోజుల్ని చవగ్గా అమ్ముతామంటూ ఎవరైనా వస్తే మాత్రం దూరంగా ఉండాలి. ఫ్లోరిడాలో అలా అమ్మడం నేరం, కొన్నవాళ్లు గేటు దగ్గర ఆగిపోతారు.

ఇక ఆ పాత ఏ, బీ, సీ కూపన్లంటారా, కౌంటర్‌లో ఇస్తే వాటి మీద అచ్చయిన కొద్దిపాటి సెంట్ల విలువకి మించి రాదు. పాత వస్తువులు సేకరించేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఇచ్చి కొనుక్కుంటున్నారు. పూర్తి పుస్తకం, అందులోనూ ఈ కూపన్ చింపకుండా ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే వాటిని మార్చుకోవడానికి కౌంటర్ దగ్గరకు వచ్చేవాళ్లు అరుదు.